మనిషి ఆనవాలు పట్టే చిల్లుల కార్డు

కడప, కర్నూలు వైపు ప్రభుత్వాసుపత్రి ఓపీ రిజిస్టరులో ఒకే పేజీలో ముగ్గురు ఓబులేసులు కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అహోబిలం నరసింహుడి పేరున ఓబులేసులు, ఓబుళమ్మలు ఉంటారు. మద్దిలేటి స్వామికి మొక్కుకున్న ఇంట్లో మద్దిలేటి, ఉరుకుందకు పోయొచ్చిన ఇంట్లో ఈరన్న పుడతారు. దర్గాల మీది నమ్మకంతో దస్తగిరి, మస్తాన్ అనే పేర్లు ముస్లింల ఇళ్లలోనూ ఉంటాయి, హిందువుల ఇళ్లలోనూ ఉంటాయి.

ఇద్దరు ఓబులేసులు ఒకే పొద్దున రక్తం ఇచ్చారనుకుందాం. రిపోర్టులు తారుమారైతే ఒకరు అక్కర్లేని మందు మింగుతారు, ఇంకొకరికి కావాల్సిన మందు అందదు. ఒక జబ్బును ఏళ్ల తరబడి గమనించే పరిశోధనలో ఇదే పొరపాటు పదేపదే జరిగితే, ఆ పరిశోధన చివరికి తేల్చే విషయమే తప్పవుతుంది. ల్యాబులో పుట్టిన అంకెను మంచం మీద ఉన్న మనిషికి సరిగ్గా కలపడంలోనే వైద్య పరిశోధనకు సగం కష్టం ఉంది. ఈ పనికి మొదట దారి చూపిన యంత్రానికి నూట ముప్పై ఏళ్లు దాటాయి.

దాని వెనక ఉన్నది ఒక డాక్టరు. జాన్ షా బిల్లింగ్స్ అమెరికా సైన్యంలో సర్జన్. 1880 నాటి జనాభా లెక్కల్లో జనన మరణాల గణాంకాలు ఆయన చూసేవారు. లక్షల కాగితాల మీది వివరాలను గుమాస్తాలు చేత్తో గీతలు పెట్టి కూడుతుంటే, ఈ పని యంత్రం చెయ్యాలి అనిపించింది ఆయనకు. ఆ మాట అదే కార్యాలయంలో పనిచేస్తున్న హెర్మన్ హొలెరిత్ అనే యువ ఇంజినీరు చెవిన పడింది.

హొలెరిత్‌కు దారి దొరికింది రైల్లో. అప్పటి అమెరికా రైళ్లలో ఒకరి టికెట్టు మీద ఇంకొకరు ప్రయాణం చెయ్యకుండా కండక్టరు టికెట్టు అంచున చిల్లులు కొట్టి ప్రయాణికుడి ఆనవాళ్లు గుర్తుపెట్టేవాడు. జుట్టు లేత రంగా, కళ్లు నల్లనివా, ముక్కు పెద్దదా అన్న వివరాలు ఆ చిల్లుల్లోనే ఉండేవి. అది చూసి హొలెరిత్ ఒక్కో మనిషికి ఒక్కో కార్డు పెట్టి, వివరాలన్నీ చిల్లులుగా మార్చాడు.

యంత్రాన్ని మొదట పరీక్షించింది జనాభా లెక్కల్లో కాదు, బాల్టిమోర్ నగర ఆరోగ్య శాఖ మరణాల లెక్కల్లో. ఎవరు, ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారన్నది కార్డుల మీదికి ఎక్కించడానికి ఆయన రైలు కండక్టర్ల పంచ్‌నే వాడాడు. వేల చిల్లులు కొట్టి చెయ్యి నొప్పి పుట్టాక, కార్డులకు వేరే పంచ్ యంత్రం తయారు చేసుకున్నాడు.

ఆ యంత్రం పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. కార్డును ఒక పలక మీద పెట్టి పిడి కిందికి వంచుతారు. స్ప్రింగులు తగిలించిన సూదులు వరుసగా కార్డు మీదికి దిగుతాయి. కాగితం ఉన్నచోట సూది ఆగిపోతుంది. చిల్లు ఉన్నచోట అది కిందికి దూరి, చిన్న గిన్నెలో ఉన్న పాదరసాన్ని తాకుతుంది. కరెంటు పారుతుంది, ఎదురుగా ఉన్న గడియారం లాంటి డయల్ మీద ముల్లు ఒక అంకె ముందుకు జరుగుతుంది. పక్కనున్న అరల పెట్టెలో ఒక మూత దానంతటదే తెరుచుకుంటుంది, గుమాస్తా కార్డును అందులో వేస్తాడు. 1889లో పేటెంటు వచ్చింది, 1890 జనాభా లెక్కలు దీనితోనే సాగాయి. హొలెరిత్ పెట్టిన కంపెనీ మరికొన్నింటితో కలిసి, 1924లో ఐబీఎం అన్న పేరు పెట్టుకుంది.

రైలు టికెట్టు మీది చిల్లులు ఒక మనిషిని గుర్తుపట్టడానికి పుట్టాయి. హొలెరిత్ యంత్రంలో అవి మనుషుల్ని లెక్కపెట్టడానికి మారాయి. క్షయతో ఎంతమంది పోయారో ముల్లు చెబుతుంది, వాళ్లెవరో దానికి పట్టదు. వైద్య పరిశోధనకు రెండూ కావాలి. పోయినేడు తెమడలో క్రిమి కనిపించిన మనిషే ఈ ఏడు కోలుకున్నాడా అన్నది తెలియాలంటే అంకె వెనక మనిషి చెరిగిపోకూడదు.

ఈ పని ఎంత కష్టమో మన రాయలసీమలోనే తేలింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోది. ఆ ఊరి పక్కన ఆరోగ్యవరంలో యూనియన్ మిషన్ క్షయ శానటోరియం ఉండేది. అక్కడి డాక్టర్ యోహానెస్ ఫ్రీమోట్ మొల్లర్ 1950లో మదనపల్లెలో, చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని రాయించి, క్షయ మీద పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. 1950 నుంచి 1955 దాకా చూసిన ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చాయి. బీసీజీ టీకా ఎంతవరకు కాపాడుతుందో తేల్చే పని ఆ తర్వాతా సాగింది. దాని నాలుగో నివేదికను 1973లో ఆయన, ఆచార్యులు, కేశవ పిళ్లై కలిసి ప్రచురించారు.

అందులో ఒక్క ట్యూబర్‌క్యులిన్ పరీక్షనే తీసుకుందాం. మోచేతి కింద చర్మంలోకి చుక్కంత మందు ఎక్కిస్తారు. మూడో రోజు మళ్లీ వెళ్లి, అక్కడ గట్టిపడ్డ చోటును మిల్లీమీటర్లలో కొలవాలి. మూడో రోజుకు ఆ మనిషి చెనిక్కాయ చేలో ఉండొచ్చు, చుట్టాల ఊరికి పోయి ఉండొచ్చు. అతనికే ఎక్స్‌రే ఫిల్ము ఒకచోట కడుగుతారు, ఇంకొకరు దాన్ని చదువుతారు. తెమడను కల్చర్‌లో పెడితే ఫలితం రావడానికి వారాలు పడుతుంది. వేర్వేరు చేతుల్లో, వేర్వేరు రోజుల్లో పుట్టిన ఈ మూడు కాగితాలూ ఒక్క మనిషి పేరు కిందికే చేరాలి. ఇంటి నంబరు, ఇంటి పెద్ద పేరు, వయసు ముందే సరిగ్గా రాసుకోకపోతే ఆ తర్వాత ఏ యంత్రమూ వాటిని కలపలేదు. పల్లెల్లో తిరిగి ఆ పేర్లు రాసుకున్నవాళ్లను నేను శాస్త్రవేత్తలతో సమానంగా చూస్తాను.

తర్వాత ల్యాబుల్లో వేగం వచ్చింది. లియొనార్డ్ స్కెగ్స్ రూపొందించిన ఆటోఎనలైజర్‌ను 1957లో టెక్నికాన్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. సన్నటి గొట్టంలో శాంపిల్ తర్వాత శాంపిల్ పారుతుంటే, ఒకటి ఇంకొకదానితో కలవకుండా మధ్యలో గాలి బుడగలు అడ్డం పడతాయి. పరీక్షలు గుట్టలుగా పెరిగేసరికి వాటి కాగితాలే పెద్ద సమస్యయ్యాయి. 1960ల చివర్లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఆక్టో బార్నెట్ బృందంలోని నీల్ పప్పలార్డో, సహచరులు ఆసుపత్రి రికార్డుల కోసమే మంప్స్ అనే కంప్యూటర్ భాష తయారు చేశారు. దాని నుంచి పుట్టిన వ్యవస్థలు నేటికీ పెద్ద ఆసుపత్రుల్లో నడుస్తున్నాయి.

కంప్యూటర్లు వచ్చినంత మాత్రాన రికార్డులు కలిసిపోలేదు. ఒక ల్యాబు గ్లూకోజ్ అంటే, ఇంకొకటి షుగర్ అంటుంది, మూడోది ఎఫ్‌బీఎస్ అని మూడక్షరాలు కొడుతుంది. కొలతలూ వేరే. రాజంపేట, రాయచోటి నుంచి కువైట్ పోయిన మనిషి అక్కడ పరగడుపున రక్తం ఇస్తే షుగర్ 7 అని వస్తుంది. ఇక్కడి ల్యాబులో అదే రక్తానికి 126 వస్తుంది. అక్కడ లీటరుకు మిల్లీమోల్స్, ఇక్కడ డెసిలీటరుకు మిల్లీగ్రాములు. రెండూ ఒకటే, మధుమేహం హద్దు మీద ఉన్న అంకె. ఆ 7ను మార్చకుండా మన పట్టికలో వేస్తే కంప్యూటర్ దాన్ని ప్రాణం మీదికొచ్చేంత తక్కువ షుగర్ అనుకుంటుంది. క్రియాటినిన్‌కూ ఇదే చిక్కు. మన దగ్గర 1 అన్నది అక్కడ 88.

ఈ చిక్కు తీర్చడానికి 1994లో అమెరికాలోని రెగెన్‌స్ట్రీఫ్ సంస్థ ఒక్కో పరీక్షకు ఒక్కో కోడ్ ఇవ్వడం మొదలుపెట్టింది. దాని పేరు లాయింక్. దేన్ని కొలిచారు, రక్తంలోనా మూత్రంలోనా, ఏ పద్ధతిలో అన్నదంతా ఆ కోడ్‌లో ఉంటుంది. 2004లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పాల్ హారిస్ మొదలుపెట్టిన, వివరాలు నమోదు చేసుకునే రెడ్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్ చిన్న పరిశోధన బృందాలకు వరమైంది. వయసు గడిలో 450 అని కొడితే అది ఊరుకోదు, అక్కడికక్కడే అడుగుతుంది.

మన పొరుగున, అప్పటి అనంతపురం జిల్లాలో, ల్యాబు అంకెను మనిషికి కలిపే పని చక్కగా జరిగింది. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్‌ఐవీ రోగుల రికార్డుల ఆధారంగా విన్సెంట్ ఫెర్రర్ కోహార్ట్ అధ్యయనం నడిచింది. సీడీ4 అనే రోగనిరోధక కణాల లెక్కలను, రోగుల వివరాలను కలిపి చూస్తే జబ్బు ముదిరాక గానీ ఆసుపత్రికి రానివాళ్లు ఎవరన్నది తెలిసింది. గెరార్డో అల్వారెజ్ ఉరియా తదితరులు 2012 నుంచి ఆ ఫలితాలను ప్రచురించారు. ఇక్కడ ఇంకో బాధ్యతా ఉంది. హెచ్‌ఐవీ సంగతి బయటపడితే పల్లెలో ఆ మనిషి బతుకు కష్టమైపోతుంది. అందుకే విశ్లేషించేవాళ్ల చేతికి పేరు తీసేసిన పట్టికే వెళ్లాలి. పేరును, నంబరును కలిపే తాళం వేరేచోట, వేరే మనిషి దగ్గర ఉండాలి. ఈ జాగ్రత్త లేకుండా రికార్డులు కలిపేదాన్ని నేను పరిశోధన అనలేను.

క్షయకు 2012 నుంచి దేశమంతటికీ నిక్షయ్ అనే ఆన్‌లైన్ రిజిస్టరు ఉంది. ప్రతి రోగికీ ఒక నంబరు ఉంటుంది. 2018 నుంచి పోషణ కోసం నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడేదీ ఆ నంబరు మీదనే. సీబీనాట్ యంత్రం తెమడను రెండు గంటల్లోపే పరీక్షించి క్రిమి ఉందో లేదో, అది రిఫాంపిసిన్ అనే క్షయ మందుకు లొంగుతుందో లేదో చెబుతుంది.

చిక్కంతా సుగ్గి కాలంలో వస్తుంది. కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు మిరపకాయల కోతకు గుంటూరు పోతాయి. మామూలు క్షయ చికిత్స ఆరు నెలలు. మూడో నెలలో బయల్దేరిన మనిషి నంబరును నిక్షయ్‌లో గుంటూరు వైపు ఆసుపత్రికి బదిలీ చేస్తే, అక్కడి ఉద్యోగి ముందు అతని తెమడ ఫలితం, మందు మొదలైన తేదీ తెరుచుకుంటాయి. మిగిలిన మూడు నెలల మందు అక్కడే అందుతుంది. చెప్పకుండా బండెక్కిపోయి, దగ్గు తిరగబెట్టాక కొత్త పేరుగా నమోదైతే అతను లెక్కల్లో ఇద్దరవుతాడు. కోసిగి పట్టికలో మందు మధ్యలో మానేసినవాడు, గుంటూరు పట్టికలో కొత్తగా జబ్బు పడినవాడు. ఒకచోట చికిత్స విఫలమైందని, ఇంకోచోట జబ్బు పెరిగిందని అధికారులు లెక్క వేస్తారు. ముందు మూడు నెలలు మందు తిన్నాడన్న సంగతి గుంటూరు డాక్టరుకు తెలియక, మందుకు లొంగని క్రిమి ఉందేమోనన్న అనుమానం ఆలస్యంగా వస్తుంది.