అమెరికా పౌరసత్వము: వరుసలో నిలిచిన మనవారు

గోదావరి ప్రాంతమునుండి ఒక తల్లిగారు మాకు వ్రాసిన ఉత్తరము చాల దినములు మా బల్లమీదనే యుండిపోయినది. ఆమె కుమారుడు ఇంజనీరు. భార్యను, నాలుగేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని అమెరికా వెళ్ళి పదునైదు సంవత్సరములైనది. ఉద్యోగము అచ్చటనే, ఇల్లు అచ్చటనే, పన్నులు కట్టుటయు అచ్చటనే. అయినను అతడింకను ఆ దేశపు పౌరుడు కాలేదు. "మావాడేమైన తప్పుచేసి మాతో చెప్పకున్నాడా?" అని ఆమె అడిగినారు. తప్పేమియు లేదని ఒక్క వాక్యములో బదులు వ్రాయవచ్చును. కాని తప్పు లేనప్పుడు ఈ జాప్యమెందులకు? ఈ సందేహము మన ఇండ్లలో చాలమందికి గలదు గనుక ఈ ప్రసంగమును దానికే వినియోగించుచున్నాము.

పౌరసత్వమునకు రెండు మెట్లున్నవి. మొదటిది శాశ్వత నివాసపు అనుమతి. దానినే గ్రీన్ కార్డు అని వ్యవహరింతురు. అది చేతికి వచ్చిన అయిదేండ్లకు, పౌరులను వివాహమాడి వారితో కలిసియున్నవారికి మూడేండ్లకు, రెండవ మెట్టునకు దరఖాస్తు చేయవచ్చును. ఇంగ్లీషులోను, ఆ దేశపు చరిత్ర, ప్రభుత్వ విషయములలోను చిన్న పరీక్ష, సత్ప్రవర్తన విచారణ, తుదకు ప్రమాణ స్వీకారము. మనవారికిది పెద్ద కష్టము కాదు. చిక్కంతయు మొదటి మెట్టుకడనే యున్నది.

ఉద్యోగమును బట్టి ఇచ్చు గ్రీన్ కార్డులు ఏటికి సుమారు 1,40,000 అని 1990 నాటి చట్టము నిర్ణయించినది. ఉద్యోగి మాత్రమే గాక అతని భార్యాబిడ్డలు కూడ ఈ లెక్కలోనికే వత్తురు. నలుగురున్న కుటుంబమునకు నాలుగు కార్డులు ఖర్చు. దీనిపైని మరియొక నిబంధన గలదు: ఏ యొక్క దేశమున పుట్టినవారికిని నూటికి 7 పాళ్ళు మించరాదు. ఉద్యోగపు కార్డులలో ఆ భాగము 9,800. ఇతర దేశములవారు వాడుకొనక మిగిలినవి కొన్ని దొరకునప్పుడు మాత్రమే ఈ హద్దు సడలును. నాలుగు లక్షల జనాభా కూడ లేని ఐస్‌లాండునకు నూటికి ఏడు. నూట నలుబది కోట్లు దాటిన భారతదేశమునకును నూటికి ఏడే.

తాత్కాలికముగా పనిచేయుటకు వెళ్ళువారి హెచ్-1బి వీసాల సంగతి వేరు. అవి సాధారణముగా ఏటికి 65,000. అమెరికాలో పైపట్టము పొందినవారికి మరి 20,000. వీనికి దేశమునకింత యను హద్దు లేదు. మనవారు పెద్దసంఖ్యలో వెళ్ళుచున్నది ఈ దారినే. వీధిగుమ్మము వెడల్పుగ తెరచి, లోపలి గుమ్మమును ఒక్కరొక్కరే దూరునంత ఇరుకుగ కట్టినట్లున్నది. నడుమ వసారాలో లక్షలమంది నిలిచియున్నారు.

ఇందులో విచిత్రమేమనగా, చట్టము చూచునది ఏ దేశపు పౌరుడని కాదు, ఏ దేశమున పుట్టెనని. కడపలో పుట్టిన ఇంజనీరు పది, పదునైదేండ్లు వేచియుండును. అతనితో చదివి, అతనికంటె తక్కువ మార్కులు తెచ్చుకొన్నవాడు, తండ్రి ఉద్యోగరీత్యా కువైటులో పుట్టియున్నచో, కువైటు వరుసలో నిలిచి సులభముగ ముందునకు పోవును. భార్య అచ్చట పుట్టినదైనను చాలును, భర్త ఆమె వరుసలో చేరవచ్చును. పెండ్లిచూపులలో పిల్ల పుట్టినయూరు అడుగుటకు మనవారికి ఇదియొక క్రొత్త కారణము!

పుట్టుకనుబట్టి మనుష్యుని లెక్కించుట ఆ దేశపు చట్టములకు పాత అలవాటే. 1790 నాటి పౌరసత్వ చట్టము ఆ హక్కును స్వేచ్ఛగల తెల్లవారికే యిచ్చెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యములో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అను పంజాబీ కోర్టుకెక్కగా, భారతీయుడు ఆ చట్టము చెప్పు తెల్లవాడు కాడని 1923లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అంతకు ముందే పౌరులైన కొందరు భారతీయులు ఆ హక్కును పోగొట్టుకొనిరి. ఇంచుమించు ఆ దినములలోనే మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా చేరిరి. బోదకాలు క్రిములను అణచు ఔషధమునకును, పిల్లల రక్తపు క్యాన్సరుకు తొలిసారి కొంత పనిచేసిన ఔషధమునకును వెనుక వారి కృషి గలదు. 1946లో ఒక చట్టము భారతీయులకు పౌరసత్వపు అర్హతను, ఏటికి 100 ప్రవేశములను ఇచ్చెను. సుబ్బారావుగారు మాత్రము 1948లో పరదేశీయుడుగనే మరణించిరి.

1965లో జాతిమూలపు కోటాలు రద్దయినవి. ఏ దేశముపైనను పక్షపాతము లేకుండుటకే దేశమునకింత యను హద్దును అన్నిటికిని సమానముగ పెట్టిరి. ఉద్దేశము మంచిదేయని మేమును ఒప్పుకొందుము. కాని దేశములను సమానముగ చూడబోయి, ఆ దేశములలో పుట్టిన మనుష్యుల విషయములో సమానత్వమును మరచినారు.

వేచియున్నవారికి ఆరేండ్లు దాటినను హెచ్-1బి గడువు పొడిగించుకొనుటకు 2000లో వీలు కల్పించిరి. కాని ఉద్యోగము పోయినచో, మరియొకటి వెదకుకొనుటకు ఇచ్చునది గరిష్ఠముగ 60 దినములు. యజమాని జీతము పెంచకున్నను నోరెత్తరాదు. తండ్రికి జబ్బు చేసినదని తెలిసినను, తిరిగి పోవుటకు వీసా ముద్ర దొరకునో దొరకదో యని ప్రయాణము మానుకొన్నవారిని మేమెరుగుదుము. అన్నిటికంటె కఠినమైనది పిల్లల సంగతి. తండ్రి వరుసలో నుండగా బిడ్డకు 21 ఏండ్లు నిండినచో, ఆ బిడ్డ సాధారణముగ తండ్రి దరఖాస్తులోనుండి తొలగిపోవును. విద్యార్థి వీసా మొదలైనదేదో సంపాదించుకొనవలె, లేనిచో తాను పెరిగిన దేశమును విడిచి, జ్ఞాపకమైన లేని దేశమునకు రావలె.

ఏమి చేయవలె? దేశపు హద్దును ఉద్యోగపు కార్డులలో తీసివేయు బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365 వోట్లకు 65 వోట్లతో నెగ్గినది. 2020 డిసెంబరులో సెనేటు వేరొక రూపములో ఆమోదించినది. రెండు రూపములును కలియక అది చట్టము కాలేదు. హద్దు తీసివేసి కార్డుల సంఖ్య పెంచకున్నచో, కొన్నేండ్లపాటు ఇతర దేశముల నర్సులు, ఇంజనీర్లు మన వెనుక నిలువవలసి వచ్చునని కొందరు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. మన బాధను ఫిలిప్పీన్సువారికి బదిలీ చేయుట సంస్కరణ కానేరదు. అందుచేత హద్దు తీయుటతోబాటు భార్యాబిడ్డలను లెక్కనుండి మినహాయింపవలె. వాడక మిగిలిపోయిన పాతయేండ్ల కార్డులను తిరిగి ఈయవలె. బిడ్డ వయస్సును తండ్రి దరఖాస్తునాటి వయస్సుగనే నిలుపవలె. ఈ చివరిదానికి ఎవరి వాటాయు తగ్గనక్కరలేదు.

అనుమతి లేక నివసించుచున్నవారి మాటయు ఇందులోనిదే. చిరకాలము నివసించినవారికి స్థిరత్వమిచ్చు ఏర్పాటు 1929నుండియే ఆ చట్టములో గలదు. ఫలానా తేదీకి ముందు వచ్చినవారు అర్హులనుట దాని పద్ధతి. ఆ తేదీని అప్పుడప్పుడు ముందునకు జరుపుచుండిరి. 1986లో దానిని 1972 జనవరి 1గ నిర్ణయించి, పిమ్మట ముట్టుకొనలేదు. ఏడేండ్లు నివసించినవారికెల్ల అర్హత కలుగునట్లు 2022లో వచ్చిన బిల్లును చట్టము కాలేదు. క్రొత్త తలుపు తెరువనక్కరలేదు. ఉన్న తలుపు గడియ తీసిన చాలును.

ఆ తల్లిగారికి ఈ సంగతులన్నియు వ్రాసితిమి. అమెరికా విదేశాంగశాఖ నెలకొక పట్టిక ప్రకటించును. ఏ తేదీన వరుసలో చేరినవారి వంతు వచ్చినదో అందులో నుండును. కుమారుడు తొమ్మిదేండ్ల క్రిందట వరుసలో చేరెను. మనుమరాలికి ఇప్పుడు పందొమ్మిదేండ్లు. ఆ పట్టికను ఎట్లు చదువవలెనో కూడ ఒక కాగితముపై విడిగ వ్రాసి ఉత్తరముతో పంపితిమి.