గట్టు మీది చెట్టు, చెట్టును నమ్ముకున్న జీవులు: గొలుగొండ మెట్టలో స్థానిక వృక్షజాతుల ప్రాముఖ్యం

అనకాపల్లి జిల్లాలోని గొలుగొండ మండలం తూర్పు కనుమల పాదభాగాన ఉన్నది. ఒకవైపు నర్సీపట్నం మైదానపు వరి మడులు, మరొకవైపు కొయ్యూరు, చింతపల్లి దిశగా ఎగబాకే కొండలు, నడుమ జీడిమామిడి, మామిడి తోటలు, మెట్టపైర్లు కనిపిస్తాయి. అడవినీ పొలాన్నీ కలిపే వంతెనలు పొలం గట్లు, వాగు ఒడ్లు, బంజరు చెలకలు. ఇప్ప, మోదుగ, కానుగ, రేల, మేడి, నేరేడు వంటి చెట్లు ఈ నేలకు సహజమైనవి. కాగితపు గుజ్జు కలపకు గిరాకీ పెరిగిన కొద్దీ కోస్తా ఆంధ్ర మెట్ట భూములలో జామాయిల్, సరుగుడు విస్తరిస్తూ వచ్చాయి. రైతుకు వాటి వలన ఆదాయం ఉన్నమాట నిజం. అయితే ఆ చెట్ల కోసం గట్టు మీది పాత చెట్టును కొట్టివేసినప్పుడు కోల్పోయేది కలప మాత్రమేనా అన్న ప్రశ్నను శాస్త్రీయంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్వస్థలంలో జామాయిల్

జామాయిల్ (యూకలిప్టస్) ప్రజాతిలో 700కు పైగా జాతులున్నాయి. వాటిలో అత్యధిక భాగం ఆస్ట్రేలియా ఖండానికి చెందినవే. సరుగుడు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా, పసిఫిక్ దీవుల తీరాలది. కాఫీ తోటలలో నీడకు, మిరియాల తీగకు ఆధారంగా పెంచే సిల్వర్ ఓక్ తూర్పు ఆస్ట్రేలియా అడవుల చెట్టు. ఉద్యానాలలో ఎర్రని కుచ్చుల్లాంటి పూలు పూసే బాటిల్ బ్రష్ కూడ అక్కడిదే.

ఆ ఖండంలో జామాయిల్ ఒక జీవలోకానికి ఆధారం. కోలా అనే జంతువు దాదాపు పూర్తిగా ఈ ఆకు తినియే బతుకుతుంది. రంగురంగుల చిలుకలు, తేనెపిట్టలను పోలిన పక్షులు, పండ్ల గబ్బిలాలు పూలను ఆశ్రయిస్తాయి. శతాబ్దం పైబడిన వృక్షాల తొర్రలలో చిలుకలు, చెట్లపై తిరిగే చిన్న జంతువులు కాపురముంటాయి. అందువలననే ఆస్ట్రేలియాలో పక్షులను చూసి ఆనందించదలచిన వారు తమ పెరట్లో అక్కడి స్థానిక మొక్కలనే నాటుకుంటారు.

మన దేశానికి జామాయిల్ విత్తనం వచ్చినది గాని, దానితో కలిసి జీవించే ప్రాణులు రాలేదు. దాని ఆకులోని ఘాటైన తైలాలను జీర్ణం చేసుకోగల కీటకాలు ఇక్కడ బహు స్వల్పం. తోట పెంచేవారికి తొలుత ఇది లాభంగానే తోచింది. అయితే 2000 తర్వాతి సంవత్సరాలలో ఆస్ట్రేలియాకే చెందిన ఒక సూక్ష్మ కందిరీగ మన దేశపు జామాయిల్ తోటలకు చేరి, ఆకు తొడిమలపైన, ఈనెలపైన బుడిపెలు కలిగించి మొక్కలను గిడసబార్చింది. పుట్టినచోట ఆ పురుగును అదుపులో ఉంచే పరాన్నజీవులు ఇక్కడ లేకపోవడమే దాని విజృంభణకు ముఖ్య కారణం.

1880ల దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా నారింజ తోటలను ఆస్ట్రేలియానుండి వచ్చిన పిండిపురుగు వంటి పొలుసు కీటకం నాశనం చేయగా, 1888లో ఆస్ట్రేలియానుండే ఒక అక్షింతల పురుగును తెప్పించి విడిచిన తరువాతగాని ఆ బెడద తీరలేదు. చెట్టు, దానిని తినే పురుగు, ఆ పురుగును తినే మరొక పురుగు ఒకే గొలుసులోని కడియాలని ఈ రెండు ఉదాహరణలూ తెలుపుతున్నాయి.

తేనె అందరిదీ, ఆకు కొందరిదే

జామాయిల్ పూతపై తేనెటీగలు మూగడం, సిల్వర్ ఓక్ పూలపై తేనెపిట్ట వాలడం మనము చూస్తూనే ఉన్నాము. అటువంటప్పుడు అవి జీవులకు ఉపకరించవని ఎట్లా అనగలమన్న సందేహం సహజం. మకరందం అందరికీ పెట్టిన అన్నసత్రం వంటిది. ఏ నేల పువ్వైనా నోరు అందిన ప్రాణి తాగుతుంది. ఆకు మాత్రం తాళం వేసిన కొట్టు. ప్రతి మొక్కా తన ఆకును ప్రత్యేక రసాయనాలతో కాపాడుకుంటుంది. ఆ తాళం తీయగల గొంగళిపురుగులు వేల సంవత్సరాలు ఆ మొక్కతో కలిసి పరిణమించినవే. లాంటానా పొదపై సీతాకోకచిలుకలు గుంపుగా వాలినంత మాత్రాన అవి ఆ పొదపై సంతానాన్ని పెంచుతున్నట్లు కాదు. ఇక సరుగుడు గాలి ద్వారా పరాగసంపర్కం జరుపుకొనే చెట్టు గనుక మకరందం కూడ ఇవ్వదు. అయితే దాని వేరుబొడిపెలు నత్రజనిని స్థిరీకరిస్తాయన్న మేలును కాదనరాదు.

గొంగళిపురుగు లేనిచోట పక్షి పిల్ల పెరగదు. పెద్దయిన తరువాత గింజలు తినే పిచ్చుక, గిజిగాడు సైతం పిల్లలకు పురుగులనే మేపుతాయి. కనుక గట్టుపై స్థానిక చెట్టు ఆకు పురుగుకు, పురుగు పక్షికి, పక్షి పైరుకు ఆధారమవుతున్నది.

ఈ ప్రాంతపు ముఖ్య వృక్షాలు, వాటి అతిథులు

మోదుగ, బూరుగ: శిశిరంలో ఆకు రాల్చి, మాఘ ఫాల్గుణాలలో ఎర్రగా పూస్తాయి. మోదుగకు తేనెపిట్టలు, గోరింకలు; బూరుగకు కాకులు, గోరింకలు, పసులపోలిగాళ్ళు వస్తాయి. మోదుగపై లక్క పురుగును కూడ పెంచవచ్చును.

ఇప్ప: వేసవి ఆరంభంలో రాత్రివేళ పూస్తుంది. పండ్ల గబ్బిలాలు తీపి పూరేకులను తింటూ పుప్పొడిని చెట్టునుండి చెట్టుకు చేరుస్తాయి. పిదప పండ్లను తిని గింజలను దూరంగా జారవిడుస్తాయి. తెల్లవారుజామున రాలిన పూలు మనుషులకు, ఎలుగుబంట్లకు సమాన భాగం.

మర్రి, రావి, జువ్వి, మేడి: వీటి పువ్వులు కాయ లోపలే దాగి ఉంటాయి. ఒక్కొక్క జాతికి తనదైన సూక్ష్మ కందిరీగ లోపలికి ప్రవేశించి పరాగసంపర్కం జరుపుతుంది. ఆ కందిరీగ వంశం తెగకుండా ఉండాలంటే ఏడాది పొడవునా ఎక్కడో ఒక చెట్టు కాయవలసినదే. ఆ కారణంగా ఇతర పండ్లు లేని కాలంలో కోకిల, కంసాలి పిట్ట, పికిలి పిట్ట, కొండచరియలలోని కొమ్ముముక్కు పక్షులు వీటినే నమ్ముకొని ఉంటాయి.

రేల, తంగేడు: లేత పసుపు రెక్కల సీతాకోకచిలుకల గొంగళిపురుగులు రేల ఆకును తిని పెరుగుతాయి. తంగేడు పువ్వులో మకరందం ఉండదు. పుప్పొడి సంచి కొనన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. తుమ్మెద పువ్వును పట్టుకొని ఝుంకరించినప్పుడు ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది.

కానుగ, వేప, నేరేడు: వేసవిలో పుట్టతేనెటీగకు, కొండతేనెటీగకు విలువైన ఆహారం. కానుగ నత్రజనిని స్థిరీకరించే చెట్టు. దాని రొట్ట పచ్చిరొట్ట ఎరువు. వేప, నేరేడు పండ్లు తొలకరి వేళ పక్షులకు, గబ్బిలాలకు విందు.

జీలుగు: కొండవాలులలోని ఈ తాటి జాతి చెట్టు గిరిజనులకు కల్లు ఇస్తుంది, పునుగు పిల్లికి పండ్లు ఇస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టం కొండవాసుల పోడుపైన, అటవీ ఫలసాయంపైన ఆంక్షలు విధించినది. అటువంటి నిర్బంధాలపై పెల్లుబికిన ఆగ్రహమే 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన పోరాటంగా పరిణమించినది. ఆ ఆగస్టులో దాడికి గురియైన పోలీసు ఠాణాలలో ఒకటి ఈ మండలంలోని కృష్ణదేవిపేటదే. ఇక్కడి ప్రజలకు చెట్టు ఎంతటి జీవనాధారమో చరిత్ర సైతం చెబుతున్నది.

పంటకు కలిగే మేలు

జీడిమామిడి కూడ పరదేశపు చెట్టే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి తెచ్చినారు. దాని పూగుత్తిలో మగపూలు, ద్విలింగ పుష్పాలు కలిసి ఉంటాయి. పుప్పొడి జిగురుగా ఉండటం వలన గాలి కన్న కీటకాలపైననే ఎక్కువగా ఆధారపడుతుంది. తోటలో పూత రెండు మూడు నెలలు మాత్రమే. తేనెటీగకు ఆకలి పన్నెండు నెలలూ ఉంటుంది. తోట పూయని కాలంలో తేనెటీగలను పోషించేవి గట్టుపై ఉన్న కానుగ, వేప, నేరేడు, మోదుగలే. ఆకులను కలిపి గూడు అల్లే ఎర్రచీమలు జీడిమామిడి చిగుళ్ళను ఆశించే తేయాకు దోమను వేటాడుతాయి.

వంగ, టమాటా పువ్వుల పుప్పొడి కూడ తంగేడు వలెనే కొన నుండి వెలువడుతుంది. కూరగాయల మడి పక్కన తంగేడు పొదలు, తొలుచుకొని గూడు కట్టుకొనేందుకు ఎండు కొమ్మలు, వెదురు బొంగులు ఉన్నచోట తుమ్మెదలు నిలుస్తాయి.

సమగ్ర సస్యరక్షణలో ఎకరాకు 8 నుండి 10 పక్షి స్థావరాలు పాతవలసినదిగా సిఫారసు చేయడం రైతులకు తెలిసినదే. గట్టు మీది చెట్టు పాతనవసరం లేని స్థావరం. అంతేగాక పాలపిట్ట, గోరింక, ఎలుకలను పట్టే పైడికంటె గుడ్లు పెట్టడానికి తొర్రలు కావాలి. తొర్ర ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది. నాలుగైదేళ్ళకొకసారి నరికే కలప తోటలో, అది ఏ జాతిదైనా, తొర్రకు అవకాశమే లేదు. కనుక పాత చెట్టును కొట్టి పది మొక్కలు నాటినా ఆ లోటు మన తరంలో పూడదు.

పాటించవలసిన జాగ్రత్తలు

స్థానిక వృక్షాలవలన ఇబ్బందులు లేకపోలేదు. చిలుకలు మొక్కజొన్నను, గబ్బిలాలు మామిడి, జామ పండ్లను కొంత నష్టపరుస్తాయి. మారేడు, వెలగ, కరివేపాకులను ఆశించే సీతాకోకచిలుకల గొంగళిపురుగులే నిమ్మ లేత మొక్కలనూ తింటాయి. కాబట్టి కొత్త నిమ్మ తోట పక్కన వీటిని నాటరాదు. రేల, తంగేడుపై పెరిగే గొంగళిపురుగులు మాత్రం వరికి, జీడిమామిడికి సోకవు. మర్రి, రావి వంటి వాటిని బావులకు, చెరువు కట్టలకు, ఇండ్లకు దూరంగా ఉంచాలి. పూత సమయంలో పురుగుమందు తప్పనిసరియైతే తేనెటీగలు తిరగని సాయంకాలం పిచికారీ చేయాలి. ఇప్పపూవు ఏరేందుకు చెట్టు కింద ఆకుకు నిప్పు పెట్టే బదులు ఊడ్చుకోవడం గాని, పాత చీరలు, వలలు పరచుకోవడం గాని మేలు. నిప్పు వలన లేత మొక్కలన్నీ మాడిపోతాయి.

నాటే విధానం

వేప, ఇప్ప, నేరేడు విత్తనాలకు మొలకశక్తి కొద్ది వారాలే నిలుస్తుంది. పండు రాలిన వెంటనే గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, జాప్యం లేకుండ విత్తుకోవాలి. కానుగ గింజను తొలకరిలో గట్టుపై నేరుగా నాటవచ్చును. మర్రి, జువ్వి లావు కొమ్మలను వానలకు ముందు పాతితే వేళ్ళూనుతాయి. రేల గింజ పెంకు గట్టిది గనుక గరుకు రాతిపై రుద్ది, రాత్రంతా నానబెట్టాలి. శీతకాలంలో నీడ ఉత్తరానికి వాలుతుంది కనుక పొలానికి ఉత్తరపు గట్టున నాటితే రబీ పైరుపై నీడ పడదు; అవతలి రైతుతో ముందుగా మాట్లాడుకోవడం ఉచితం. ఒకే జాతిని బారులు తీర్చక, వేర్వేరు నెలలలో పూసి కాసే ఐదారు జాతులను కలిపి నాటినప్పుడే జీవులకు ఏడాది పొడవునా ఆహారం అందుతుంది.

ముగింపు

జామాయిల్, సరుగుడు శత్రువులు కావు. వాటికి కేటాయించిన చెలకలో వాటిని పెంచి, గట్లను, వాగు ఒడ్లను స్థానిక వృక్షాలకు విడిచిపెట్టడం ఉభయతారకం. ప్రతి రైతూ తన పొలంలోని పాత చెట్లను ఒకసారి లెక్కించి, ఏ నెలలో ఏది పూస్తున్నదో, దానిపై ఏ పిట్ట వాలుతున్నదో ఒక ఏడాదిపాటు పిల్లలచేత నోటు పుస్తకంలో వ్రాయించవలసినదిగా సూచిస్తున్నాము. పూతలేని నెల ఏదో ఆ పుస్తకమే చూపుతుంది. తదుపరి తొలకరికి ఏ మొక్క నాటాలో అదియే నిర్ణయిస్తుంది.