దవడ కీలు: భారం, హార్మోన్లు, ఉద్దానంలో మందుబిళ్ల

చెవికి సరిగ్గా ముందు, నోరు తెరిచినప్పుడు వేలికి తగిలేది దవడ కీలు. కింది దవడ ఒకటే ఎముక కాబట్టి కుడి ఎడమ కీళ్లు రెండూ కలిసే పనిచేయాలి. ఒకటి మొరాయిస్తే రెండోదాని మీదా భారం పడుతుంది. నోరు తెరవడం మొదలుపెట్టగానే దవడ తల ఉన్నచోటే తిరుగుతుంది, ఆ తర్వాత ముందుకు జారుతుంది. ఎముకల మధ్య పీచుతో అల్లిన పల్చని బిళ్ల ఒకటి ఉండి, తలతోపాటే జరుగుతుంది. అది పక్కకు తప్పితే నోరు తెరిచినప్పుడు టక్కుమంటుంది. కీలు అరిగాక వినిపించేది టక్కు కాదు, ఇసుక రాసినట్టు గరగర.

అరుగుదలకు మొదటి కారణం భారం. భోజనాల వేళలన్నీ కలిపినా పళ్లు ఒకదానికొకటి తగిలేది రోజుకు కొన్ని నిమిషాలే. నిద్రలో పళ్లు కొరికేవారికి, పగలు తెలియకుండా బిగబట్టేవారికి ఆ లెక్క తప్పిపోతుంది. గట్టిగా బిగిసినప్పుడు కీలులోకి రక్తప్రసారం తగ్గి, వదిలినప్పుడు మళ్లీ ఉరకడం వల్ల పుట్టే చురుకైన ఆక్సిజన్ కణాలు కీలు ద్రవంలోని జారుడు పదార్థాలను విరగ్గొడతాయని ఒక బలమైన వివరణ ఉంది. అప్పుడు బిళ్ల అతుక్కుపోతుంది, దాని కింది గుజ్జు పగులుతుంది, ఎముక గట్టిపడి అంచుల్లో ముళ్లు మొలుస్తాయి.

ఇంత భారం మోస్తున్నా కీలు చెడని వారు చాలామంది ఉన్నారు. అరిగినదాన్ని కణజాలం ఎంత త్వరగా సరిచేసుకుంటుందన్నదే అసలు ప్రశ్న, హార్మోన్ల పాత్ర అక్కడే. దవడ కీలు నొప్పి ఆడవారిలో, అదీ పిల్లలు పుట్టే వయసులో, మగవారికంటే బాగా ఎక్కువ. కీలు బిళ్లలోనూ గుజ్జులోనూ ఈస్ట్రోజన్‌ను అందుకునే గ్రాహకాలు కనిపించాయి. రిలాక్సిన్ అనే మరో హార్మోన్, పీచును కరిగించే ఎంజైములను పెంచుతుంది. అయినా ఈస్ట్రోజన్ మేలా కీడా అన్నది ఒక్కమాటలో తేలదు: ఎముకను కాపాడేదీ అదే, వాపు ఉన్నచోట నొప్పిని పెంచగలిగేదీ అదే.

నోరు తెరుచుకోకపోతే అది కీలు జబ్బే అనుకోవడం పొరపాటు. మామూలుగా నోట్లో తనవే మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. వక్క, గుట్కా నమిలేవారిలో బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి పట్టకపోవచ్చు. అది క్యాన్సర్‌కు దారితీయగల వేరే జబ్బు.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, పలాస ఉన్న ఉద్దానం ప్రాంతంలో దవడ నొప్పికి మరో కోణం ఉంది. ఇక్కడ కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇంటింటి బాధ, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కిడ్నీ దెబ్బతింటే డి విటమిన్ చురుకైన రూపంలోకి మారడం తగ్గుతుంది, పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తుంది. దవడ ఎక్స్‌రేలో పళ్ల చుట్టూ ఉండే తెల్లటి గీత మాయం కావచ్చు. ఇది కీలు అరుగుదల కాదు, కానీ అదే దవడ బలహీనపడుతుంది. అంతకంటే ముఖ్యం: డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్లలు కిడ్నీకి రక్తప్రసారం తగ్గిస్తాయి. దవడ నొప్పికి మందుల షాపులో అడిగి కొనుక్కుని రోజూ మింగడం ఇక్కడ ఎంతమాత్రం తగదు. ముందు రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి.

అదృష్టవశాత్తూ నొప్పి బిళ్ల లేకుండానే చాలామందికి తగ్గుతుంది. కొన్ని వారాలు మెత్తని తిండి, వేడి కాపడం, చెరకు వంటివి మానడం, పెదాలు మూసినా పళ్లు ఎడంగా ఉంచడం, దంతవైద్యులు చేసిచ్చే రాత్రి తొడుగు ముందు చేయాల్సినవి. అవి చాలకపోతే సూదులతో కీలును సెలైన్‌తో కడిగే పద్ధతి 1991 నుంచి వాడుకలో ఉంది. కీలు మార్పిడి ఆపరేషన్ అవసరమయ్యేది బాగా కొద్దిమందికే.