క్లాసిక్ స్పోర్ట్స్ కారు ప్రామాణికత నిర్ధారణ

ఒక పాత స్పోర్ట్స్ కారు కర్మాగారం నుండి వెలువడిన నాటి నుండి నేటి వరకు ఎవరెవరి చేతులు మారినదో, అందులోని ఏయే భాగాలు ఎప్పుడు మారినవో ఆధారాలతో తెలుసుకొనుటను క్లాసిక్ స్పోర్ట్స్ కారు ప్రామాణికత నిర్ధారణ అంటారు. భూమి కొనేవారు లింకు దస్తావేజులు చూసినట్లే, ఇటువంటి కారు కొనేవారు దాని యాజమాన్య చరిత్రను చూస్తారు.

ప్రాముఖ్యత

1962-64 మధ్యకాలంలో తయారైన ఫెరారీ 250 జీటీఓ కార్లు సుమారు 36 మాత్రమే. వాటిలో ఒకటి 2018 ఆగస్టులో అమెరికాలో జరిగిన వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడైనది. చూపుకు అచ్చు ఇలాగే ఉండే నకలు కారుకు ఇందులో స్వల్ప భాగం కూడా రాదు. ఇంత వ్యత్యాసం ఉన్నందువలననే మోసాలు జరుగుతాయి. తుక్కుగా మారిన కారు నంబరు పలకను తీసి కొత్తగా కట్టిన కారుకు బిగించుట, ఇంజనుపై పాత సంఖ్యను చెరిపి వేరొక సంఖ్య కొట్టుట వీటిలో ముఖ్యమైనవి. కొన్ని సందర్భాలలో రెండు కార్లు ఒకే ఛాసిస్ సంఖ్య తమదేనని చెప్పుకొన్న ఉదంతాలు కూడా ఉన్నాయి.

గుర్తింపు సంఖ్యలు

కారుకు అసలు గుర్తింపు ఛాసిస్ సంఖ్య. 1980 దశకం నుండి 17 అక్షరాలు, అంకెలు గల ప్రామాణిక సంఖ్య వాడుకలోకి వచ్చినది. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఇందులో ఐ, ఓ, క్యూ అనే ఆంగ్ల అక్షరాలను వాడరు. అంతకు పూర్వం ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క పద్ధతి పాటించాడు. కర్మాగారపు రిజిస్టరులో వ్రాసిన ఛాసిస్, ఇంజను సంఖ్యలు కారుపై ఉన్న సంఖ్యలతో సరిపోతే దానిని "నంబర్లు కలిసిన కారు" అంటారు.

నంబరు ప్లేటు మాత్రం స్థిరమైన గుర్తింపు కాదు. ఉదాహరణకు వీర్నపల్లి ప్రాంతాన్ని తీసుకొనవచ్చు. ఇది పూర్వం కరీంనగర్ జిల్లాలోనిది. అక్కడి వాహనాలు 2014 జూన్‌కు ముందు నమోదైతే ఎపి 15తోను, తెలంగాణ ఏర్పడిన తరువాత టిఎస్ 02తోను మొదలయ్యేవి. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడి టిఎస్ 23 వచ్చినది. 2024 మార్చి నుండి కొత్త వాహనాలకు టిజి 23 ఇస్తున్నారు. పదేళ్ళలోనే ఒక ఊరికి నాలుగు రకాల నంబర్లు వచ్చినప్పుడు, అర్ధశతాబ్దం నాటి కారును ప్లేటు చూసి నిర్ధారించలేము. ప్లేటు మారినా ఛాసిస్ సంఖ్య మారదు.

పరిశీలించే ఆధారాలు

* కర్మాగారపు తయారీ రికార్డులు, మొదటి అమ్మకపు రసీదు
* రిజిస్ట్రేషన్ పత్రాలు, బదిలీ పత్రాలు (మన దేశంలో ఫారం 29, ఫారం 30)
* బీమా పత్రాలు, మరమ్మతుల బిల్లులు
* పందేలలో పాల్గొన్నవారి జాబితాలు, నాటి ఛాయాచిత్రాలు
* సంఖ్యల అచ్చు తీరు, రంగు పొరలు, వెల్డింగు గుర్తులు

వీటిని సంవత్సరాల వారీగా పేర్చినప్పుడు ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ అనుమానం మొదలవుతుంది.

ఓల్డ్ నంబర్ వన్ కేసు

ఈ విషయంలో తరచుగా ఉదహరించే తీర్పు ఇంగ్లండు హైకోర్టు 1990లో ఇచ్చినది. "ఓల్డ్ నంబర్ వన్" అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు 1929, 1930 సంవత్సరాలలో ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పందెం గెలిచినది. 1932లో 8 లీటర్ల ఇంజనుతో బ్రూక్‌లాండ్స్‌లో పరుగెత్తుతూ ప్రమాదానికి గురైనది. ఆ ప్రమాదంలో చోదకుడు క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. తరువాత కారును మరల నిర్మించారు.

1990లో దాని యజమాని హబ్బర్డ్‌కు, మిడిల్‌బ్రిడ్జ్ సిమిటార్ సంస్థకు మధ్య కోటి పౌండ్ల ఒప్పందం కుదిరినది. ఇది అసలు కారు కాదంటూ కొనుగోలుదారు వెనుకకు తగ్గగా వ్యవహారం న్యాయస్థానానికి చేరినది. 1929 నాటి భాగాలు అందులో దాదాపుగా మిగలలేదని న్యాయమూర్తి ఆటన్ గుర్తించారు. అయినా కారు ఏ దశలోనూ అదృశ్యం కాలేదని, మార్పులు వచ్చినా దాని చరిత్ర ఎడతెగక సాగినదని, కనుక ఇది ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పు చెప్పారు. "అసలు భాగాలు" ఉండుట వేరు, "ప్రామాణికత" వేరు అని ఈ కేసు వలన తెలుస్తున్నది.

హైదరాబాదు ఉదాహరణ

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరికపై రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారుకు లండనులోని బార్కర్ సంస్థ పసుపుపచ్చని బాడీ నిర్మించినది. ఆయన 1911 ఆగస్టులో మరణించగా కారు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు చెందినది. ఇది చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్నది. ఇది స్పోర్ట్స్ కారు కాకపోయినా, ఒకే వంశంలో నిలిచిన వాహనం చరిత్రను నిర్ధారించుట ఎంత సులభమో తెలుపుతుంది. పందెపు కారు తరచుగా చేతులు మారుతుంది, విరుగుతుంది, మరల కట్టబడుతుంది. చిక్కు అక్కడే వస్తుంది.

భారతదేశంలో నియమాలు

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ పద్ధతిని ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేక మూల రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు దీనికి అర్హమైనవి. వీటి నంబరులో వి.ఎ. అనే అక్షరాలు ఉంటాయి. వీటిని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. ఓల్డ్ నంబర్ వన్ వలె పలుమార్లు మార్చి కట్టిన కారుకు ఈ నియమం క్రింద అర్హత లభించుట కష్టం. అంటే ఒక న్యాయస్థానం అంగీకరించిన ప్రామాణికతను వేరొక దేశపు నియమం అంగీకరించకపోవచ్చు.

అందుచేత పాత వాహనం కలవారు రంగు, మెరుగుల కంటె ముందు పాత రసీదులు, రిజిస్ట్రేషన్ పత్రాలు, ఛాయాచిత్రాలు భద్రపరచుట మంచిది. విరిగిన భాగాన్ని మరల చేయించవచ్చును గాని, పోయిన కాగితం తిరిగి రాదు.