అడిగిందే మళ్లీ అంటున్నాడా? వెక్కిరింపు కాదది!

ఇవాళ టాపిక్ ఎకోలాలియా. పేరు కొత్తగా ఉన్నా, విషయం మీలో చాలామంది చూసే ఉంటారు. "అన్నం తింటావా?" అని అడిగితే పిల్లాడు కూడా "అన్నం తింటావా?" అనే అంటాడు. పెద్దవాళ్లకి కోపమొస్తుంది. "ఏంట్రా, వెక్కిరిస్తున్నావా?" అని ఒక్కటి తగిలిస్తారు. ఆ దెబ్బ ఆగాలనే ఈ ఎపిసోడ్.

నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చేసి కోడ్ రాసుకున్నోణ్ణి. చదివి అర్థం చేసుకున్నది చెప్తున్నా.

మాటలు నేర్చుకునేటప్పుడు పిల్లలందరూ విన్నదే తిరిగి అంటారు. రెండున్నర, మూడేళ్లకి అది తగ్గిపోతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఎక్కువ కాలం ఉంటుంది. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన పేపర్‌లోనే ఇది ఉంది. ప్రశ్నని తిరిగి అనడమే ఆ పిల్లలకి "అవును" అని ఆయన గమనించాడు. 1981లో బారీ ప్రైజంట్, జుడిత్ డచన్ నలుగురు పిల్లల మాటల్ని వీడియో తీసి చూస్తే, ఆ రిపీట్ ఏడు రకాల పనులు చేస్తోందని తేలింది. అడగడం, ఒప్పుకోవడం, తన వంతు మాట్లాడడం, తనకి తాను చెప్పుకోవడం లాంటివన్నమాట.

ఇంకో రకం ఉంది, ఎప్పుడో విన్నది తర్వాత అనడం. ఉదాహరణకి ఖమ్మం నుంచి భద్రాచలం బస్సెక్కిన పిల్లాడు కండక్టర్ "రైట్ రైట్" అనడం విన్నాడనుకోండి. వారం తర్వాత పెళ్లింట్లో మైకు మోతకి చెవులు మూసుకుని "రైట్ రైట్" అంటాడు. అంటే "ఇక్కడి నుంచి పోదాం" అని! మనకి అర్థం లేని మాటలా ఉంటుంది, వాడికి అది పూర్తి వాక్యం.

మరి మనమేం చేయాలి?

ఒకటి, ప్రశ్నలు తగ్గించి, వాడు అనాల్సిన మాట మనమే అనాలి. తెలుగులో క్రియ చివరే ఎవరో తెలిసిపోతుంది కదా. "తింటావా" అంటే వాడికి "తింటావా" అనే దొరుకుతుంది. కంచం చూపించి "అన్నం తింటాను" అంటే, వాడు కాపీ కొట్టినా సరైన మాటే వస్తుంది.

రెండు, ఏ మాట ఎక్కడ, ఎప్పుడు అన్నాడో ఫోన్ నోట్స్‌లో రాయండి. పది రోజుల్లో ఏదో ఒక లింకు కనిపించొచ్చు. స్పీచ్ థెరపిస్ట్‌కి కూడా అది బాగా పనికొస్తుంది.

మూడు, చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ మాట్లాడే ఇళ్లకి ఇది ముఖ్యం. "ఇంట్లో కోయ ఆపేయండి, తెలుగే మాట్లాడండి" అని ఎవరన్నా చెప్తే ఆగి ఆలోచించండి. రెండు భాషల వల్ల ఆటిజం రాదు. అమ్మకి బాగా వచ్చిన భాషలోనే బిడ్డతో ఎక్కువ మాటలు నడుస్తాయి.

అనుమానముంటే అంగన్‌వాడీలో అడగండి. ఆర్‌బీఎస్‌కే టీమ్ అక్కడికే వచ్చి పిల్లల్ని చూస్తుంది, అవసరమైతే జిల్లా సెంటర్‌కి పంపిస్తుంది. వినికిడి పరీక్ష కూడా చేయించండి. వచ్చిన మాటలు పోతుంటే అస్సలు ఆగొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది, సర్టిఫికెట్‌కి అప్లై చేయొచ్చు.

మీ ఊరి అంగన్‌వాడీ టీచర్‌కి ఈ లింక్ వాట్సాప్ చేయండి. మీ పిల్లలు పదే పదే అనే మాటేంటో, దానర్థం మీకెలా తెలిసిందో కామెంట్‌లో రాయండి. ఇంకో ఇంటికి పనికొస్తుంది. ఉంటా మరి, బై!