బండకూ బండకూ నడుమ

ఎండిపోయిన బోరులో రాయి వేసి, చప్పుడు వినాలని కేసింగుకు చెవి ఆనించినాడు మా మనవడు. "తాతా, ఇంకో మూడొందల అడుగులు దింపుంటే నీళ్లు పడేవి కదా?" అన్నాడు. సింహాద్రిపురం దిక్కు చీనీ తోట ఉన్న ఇంట్లో ఈ మాట వినపడని ఏడు లేదు. ఆ ఆశ మీదే ఎంతమంది అప్పులపాలయినారో!

వాణ్ణి ఇంటికి పిలుచుకొచ్చి, వసారాలో నాపబండల మీద చెంబెడు నీళ్లు పోయించినా. బండలోకి చుక్క ఇంకలేదు. జారిపోయి, రెండు బండల నడుమ సందులో దూరినాయి.

"చూసినావా నాయనా, మన కాళ్ల కింద ఉండేదీ ఇంతే. లోపల ఏరూ లేదు, చెరువూ లేదు. వాననీళ్లు దిగి, బండల పగుళ్లలో నిలిచి ఉంటాయి."

ఈ బండల కథ పెద్దది. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని సముద్రం. అడుగున సున్నం పేరుకుని వేంపల్లె డోలమైటు అయింది. సూక్ష్మజీవులు అందులో పొర మీద పొర కట్టిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు! తర్వాత ఇసుక గట్టిపడి పులివెందుల క్వార్ట్‌జైటు, దాని మీద బురద గట్టిపడి పలకల్లా విడిపోయే రాయి. వాటి నడుమకు కరిగిన రాయి చొచ్చుకొచ్చి నల్లబండగా బిగిసింది.

లోతుకు పోయేకొద్దీ పైబరువుకు పగుళ్లు మూసుకుంటాయి. అందుకే వెయ్యి అడుగులు దింపినా ఒక్కోసారి దుమ్మే లేస్తుంది. నీళ్లు పడినా, అవి పక్కచేను బోరుకు అందే పగులులోవే కావచ్చు. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయరాదని 2002 వాల్టా చట్టం చెప్పింది ఇందుకే.

2003 తర్వాత కొన్నేళ్లు మన కడపతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే వాన కొలిచినారు, బోర్లలో నీటిమట్టం కొలిచినారు. ఉన్న నీళ్లకు ఏ పంట ఎంత వేయాలో ఊరంతా కూచుని లెక్క చూసుకున్నారు. ఎవరి బలవంతమూ లేదు. నాకది చాలా గొప్ప పనిగా తోస్తుంది.

"మరి ఎండిన బోరుతో ఏం నష్టం?" అన్నాడు వాడు.

ఏటి ఇసుక నీళ్లను వడగడుతుంది; చెలమ నీళ్లు తేటగా ఉండేది అందుకే. బండ పగులు అంతగా వడగట్టదు. ఇక మూతలేని బోరంటే మురుగుకు నేరుగా దారి. చీనీచెట్లకు మందు కొట్టి డబ్బా కడిగిన నీళ్లు వానకు అందులో పడితే, ఊరి కుళాయి దాకా పోవచ్చు.

మర్నాడు పొద్దున్నే వాడే బంకమట్టి తొక్కి తెచ్చినాడు. బోరు పూడ్చి, పైన నాపబండ పరిచినాం. నిన్న వేసిన రాయి యాడ ఆగిందో అని ఇంకా అడుగుతానే ఉన్నాడు.