డిశ్చార్జి చీటీ, పాత మందుల డబ్బా

అవుకు నుంచి నంద్యాల ఆసుపత్రికి వెళ్లి వచ్చిన పెద్దవాళ్లు చాలామంది కోలుకునేది ఇంట్లోనే. మందుల పొరపాట్లు మొదలయ్యేదీ అక్కడే.

పాత బీపీ బిళ్ల ఒక కంపెనీది, ఆసుపత్రిలో రాసింది మరో కంపెనీది. పేర్లు వేరైనా లోపలి మందు ఆమ్లోడిపిన్ ఒకటే కావచ్చు. రెండూ మింగితే బీపీ పడిపోయి, కళ్లు తిరిగి, కిందపడి తుంటి విరగొచ్చు. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు.

మందుల హాని తగ్గించేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఎంచుకున్న మూడు ముఖ్యాంశాల్లో, రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినట్టు, ఒకచోటి నుంచి మరోచోటికి మారే సమయం ఒకటి.

డిశ్చార్జి రోజే పాత మందులన్నీ సంచిలో తెచ్చి డాక్టరు ముందు పెట్టాలి. ఏది ఆపాలి, ఏది కొనసాగించాలి, కొత్తవి ఎన్నాళ్లు వాడాలి? ఇవన్నీ తెలుగులో రాయించుకోవాలి. ఊరికి 104 వాహనంలో వచ్చే డాక్టరుకూ ఆ కాగితం చూపించాలి.